అన్యపదార్థం

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్ర విషయాలను తెలుగు నుడికారంతో చెప్పుకోవడం, వాటిని నిత్యజీవితానికి అన్వయించుకోవడం విద్యార్థులకు అత్యవసరం. రసాయనశాస్త్రంలోని ‘సమ్మేళనం’ అనే భావనను వ్యాకరణంలోని సమాసంతో పోల్చి వివరించడం, ఆ భావన తెలియడం మన ఆరోగ్యానికి ఎంత ఉపకరిస్తుందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సికింద్రాబాదులో బన్సీలాల్‌పేట్ అనే ప్రాంతం ఉంది. 1933లో సేఠ్ బన్సీలాల్ ద్రవ్యసహాయంతో ఆ బస్తీ ఆదర్శగ్రామంగా రూపుదిద్దుకోవడం వల్ల ఆయన పేరే దానికి స్థిరపడింది. పదిహేడవ శతాబ్దానికి చెందినదిగా భావించే ఒక మెట్లబావి అక్కడ ఉంది. ఒకప్పుడు చుట్టుపక్కల వారి దాహం తీర్చిన ఆ బావి క్రమంగా ఆదరణ కోల్పోయి, దశాబ్దాల తరబడి చెత్తతో నిండిపోయి, ఉన్నదో లేదో తెలియని స్థితికి చేరింది. 2021లో వాస్తుశిల్పి కల్పనా రమేశ్ నాయకత్వంలోని ‘ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’ ప్రభుత్వ యంత్రాంగంతో చేతులు కలిపి దాని పునరుద్ధరణకు పూనుకుంది. వందల టన్నుల చెత్తను, పూడికను తొలగించగా అడుగున ఊటలు మేల్కొన్నాయి. 2022 డిసెంబరు 5న ఆ బావిని ప్రజలకు అంకితం చేశారు. సుమారు 22 లక్షల లీటర్ల నీటిని నిలుపుకోగల బావి అది.

ఈ వృత్తాంతంలో ఒక శాస్త్రసత్యం దాగి ఉంది. ఇన్నేళ్ళూ చెత్తతో, మట్టితో కలిసి ఉన్న నీరు, వాటిని తీసివేయగానే మళ్ళీ తేటపడింది. ఎందువల్ల? నీటిలో మట్టి కలిసినా నీరు నీరుగానే ఉంది, మట్టి మట్టిగానే ఉంది. ఒకదాని గుణం మరొకదానిని హరించలేదు. అందువల్లనే వాటిని వేరుచేయడం సాధ్యమైంది. ఇటువంటి కలయికను ‘మిశ్రమం’ అంటారు. అయితే ఆ నీటిలోనే ఇంకొక కలయిక ఉంది. ఎంత తోడినా, ఎంత వడకట్టినా, మరిగించినా అది విడిపోదు. ఉదజని, ఆమ్లజని అనే రెండు వాయువుల కలయిక అది. వీటినే మనం హైడ్రోజన్, ఆక్సిజన్ అని పిలుస్తున్నాము. ఇటువంటి కలయికకు ‘సమ్మేళనం’ అని పేరు. సంయోగ పదార్థమని కూడా అంటారు. ఈ రెండు కలయికలకు గల భేదాన్ని గ్రహించడమే రసాయనశాస్త్రానికి తొలిమెట్టు.

వ్యాకరణం చదివినవారికి ఈ భేదం కొత్తది కాదు. ‘తల్లిదండ్రులు’ అన్నప్పుడు తల్లీ ఉన్నది, తండ్రీ ఉన్నాడు. రెండు పదాల అర్థాలూ చెక్కుచెదరలేదు. ఇది ద్వంద్వ సమాసం. ‘ముక్కంటి’ అన్నప్పుడు మనకు తోచేది మూడు అనే సంఖ్య కాదు, కన్ను అనే అవయవమూ కాదు. ఆ రెండు పదాలూ ఏకమై శివుడనే వేరొక అర్థాన్ని స్ఫురింపజేశాయి. ఇది బహువ్రీహి సమాసం. తనలోని పదాల అర్థాలకు కాక వాటికి వెలుపలనున్న మరొక అర్థానికి ప్రాధాన్యం ఇస్తుంది గనుక, దీనిని అన్యపదార్థ ప్రధానమని వైయాకరణులు నిర్వచించారు. పదం యొక్క అర్థం పదార్థం. మనం చేతితో తాకే ద్రవ్యానికి కూడా తెలుగులో పదార్థమనే పేరు! కాబట్టి మిశ్రమం ద్వంద్వం వంటిది, సమ్మేళనం బహువ్రీహి వంటిది అని చెప్పవచ్చు. సమ్మేళనంలో మూలకాల గుణాలు మరుగున పడి నిజంగానే ‘అన్యపదార్థం’ అవతరిస్తుంది.

నీటినే తీసుకుందాం. ఉదజని మండే వాయువు. ఆమ్లజని మంటను పెంచే వాయువు. ఆ రెండూ సంయోగం చెందితే పుట్టిన నీరు మంటను ఆర్పుతుంది! మన పూర్వులు నీటిని పంచభూతాలలో ఒకటిగా గణించారు. పాశ్చాత్యులు సైతం చిరకాలం దానిని విడదీయరాని మూలతత్త్వంగానే తలచారు. మండే వాయువును గాలిలో మండిస్తే నీరు ఏర్పడుతుందని ఇంగ్లండులో కావెండిష్ ప్రయోగపూర్వకంగా కనుగొన్నాడు. నీరు మూలకం కాదనీ, అది సమ్మేళనమనీ ఫ్రాన్సులో లవోయిజర్ 1783లో ప్రకటించాడు. 1800లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు నీటిలోకి విద్యుత్తును పంపి ఆ రెండు వాయువులనూ విడివిడిగా రాబట్టారు. వడపోతకు లొంగని కలయిక విద్యుత్తుకు లొంగింది. సమ్మేళనాన్ని విడదీయాలంటే దానిలోని బంధాన్ని తెంచగల రసాయన చర్య కావాలని దీనివల్ల తెలుస్తుంది.

‘ఉదజని’ అనే పేరులోనే ఈ కథ ఉంది. ఉదకాన్ని జనింపజేసేది ఉదజని. లవోయిజర్ కాలంలో పెట్టిన గ్రీకు పేరుకు ఇది చక్కని తెలుగు సేత. ఆమ్లాన్ని జనింపజేసేది ఆమ్లజని. ఆమ్లాలన్నింటిలోనూ ఈ వాయువు ఉంటుందని లవోయిజర్ భావించాడు. ఆ భావన తప్పని తరువాత తేలినా పేరు మాత్రం నిలిచిపోయింది.

సమ్మేళనానికి రెండవ లక్షణం నియత నిష్పత్తి. శ్రీరామనవమినాడు పానకం చేసేటప్పుడు బెల్లం కొంచెం ఎక్కువైనా పానకమే, తక్కువైనా పానకమే. మిశ్రమానికి నిష్పత్తి నియమం లేదు. నీటి విషయం అట్లా కాదు. 9 గ్రాముల నీటిలో 1 గ్రాము ఉదజని, 8 గ్రాముల ఆమ్లజని ఉంటాయి. అది బన్సీలాల్‌పేట్ బావిలోని నీరైనా, గోదావరి నీరైనా, హిమాలయాలలో కరిగిన మంచైనా ఇదే లెక్క. 1 గ్రాము ఉదజనికి 10 గ్రాముల ఆమ్లజనిని ఇచ్చి మండించినా, 8 గ్రాములు మాత్రమే స్వీకరించి తక్కిన 2 గ్రాములను అది విడిచిపెడుతుంది. పద్దెనిమిదవ శతాబ్దం చివర ప్రూస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ నియమాన్ని ప్రతిపాదించాడు. ఈ నిష్పత్తి మారితే పదార్థమే మారిపోతుంది. 1 గ్రాము ఉదజనికి 16 గ్రాముల ఆమ్లజని చేరితే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడు. పలుచగా ఉన్నప్పుడు క్రిమినాశకంగా ఉపయోగపడుతుంది, చిక్కగా ఉన్నప్పుడు చర్మాన్ని కాలుస్తుంది. అణువులో ఒక్క పరమాణువు పెరిగినందుకే ఇంత భేదం!

మన వంటింటి ఉప్పు మరొక నిదర్శనం. సోడియం కత్తితో కోయదగినంత మెత్తని లోహం. నీరు తగిలితే తీవ్రంగా చర్య జరుపుతుంది గనుక దానిని కిరోసిన్‌లో భద్రపరుస్తారు. క్లోరిన్ ఆకుపచ్చ పసుపు కలిసిన రంగు గల విషవాయువు. 1915లో మొదటి ప్రపంచయుద్ధంలో దానిని ఆయుధంగా ప్రయోగించారు. ఒకటి నీటితో మండిపడే లోహం, మరొకటి ప్రాణాపాయం కలిగించే వాయువు. వాటి సంయోగం వల్ల పుట్టిన సోడియం క్లోరైడు మాత్రం బాపట్ల జిల్లా చినగంజాం ఉప్పు కొటారులలో తెల్లని రాశులుగా పోగుపడి మన కూరలకు రుచినిస్తున్నది. తల్లిదండ్రుల గుణాలను బట్టి సంతానాన్ని నిర్ణయించరాదనే లోకనీతి రసాయనశాస్త్రంలో అక్షరసత్యం.

ఒక సమ్మేళనం మరొక సమ్మేళనంగా మారి, తిరిగి మొదటి రూపానికి రావడం సున్నంలో చూస్తాము. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోయి పొడిసున్నం మిగులుతుంది. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి నుంచి 56 కిలోల పొడిసున్నం వస్తుంది. తక్కిన 44 కిలోలు వాయువై గాలిలో కలుస్తాయి. పొడిసున్నంపై నీరు పోస్తే బుసబుసమని కాగి తడిసున్నం అవుతుంది. దానిని ఇసుకతో కలిపి గచ్చుగా వాడితే, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా గ్రహించి మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. 1591లో నిర్మించిన చార్మినారు రాళ్ళను నాలుగు శతాబ్దాలకు పైగా పట్టి నిలిపినది ఈ సున్నపు గచ్చే. రాయిని కాల్చి, పొడిచేసి, మళ్ళీ రాయిగా మార్చే ఈ విద్య మన తాపీపనివారికి తరతరాలుగా తెలుసు. ఆ సున్నాన్నే పసుపులో కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. పసుపులోని కర్కుమిన్ అనే సమ్మేళనం సున్నపు క్షారగుణం వల్ల రూపం మార్చుకోవడమే ఆ ఎరుపునకు కారణం. దానిపై నిమ్మరసం పిండితే తిరిగి పసుపుపచ్చన అవుతుంది.

మూలకాలు ఏవి, ఎంత అన్నవే కాక, అవి ఎక్కడ ఎట్లా అమరినాయన్నది కూడా ముఖ్యం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తకణాలు వృద్ధి చెందడానికి తోడ్పడే విటమిను అది. ఆ అణువులో ఒకచోట ఆమ్లజని గల సమూహానికి బదులు నత్రజని గల సమూహాన్ని నిలిపితే అమినోప్టెరిన్ అనే మరొక సమ్మేళనం ఏర్పడింది. మొదటిది కణాన్ని పోషిస్తే, రెండవది కణవృద్ధిని అడ్డగిస్తుంది. 1947లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పసిపిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా కొందరిలో వ్యాధి తాత్కాలికంగానైనా తగ్గుముఖం పట్టింది. క్యాన్సరుకు మందులతో చేసే చికిత్సలో అది తొలి మైలురాళ్ళలో ఒకటి. అణువులో ఒక స్థానం మారడం వల్ల ఇంత మహోపకారం జరిగింది.

ఇక మనం మళ్ళీ బావి దగ్గరకు రావాలి. ఎందుకంటే తేటగా కనిపించే నీరంతా మంచినీరు కాదు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ మొదలైన మండలాలలో బోరుబావుల నీరు చూడటానికి అద్దంలా ఉండేది. చెత్త లేదు, మురికి లేదు, వాసన లేదు. ఆ నీరు తాగిన పిల్లల పళ్ళపై గోధుమరంగు మచ్చలు ఏర్పడినాయి. పెద్దల వెన్నెముకలు బిగుసుకుపోయినాయి. కాళ్ళు వంకరపోయి నడవలేనివారు ఎందరో. కారణం ఫ్లోరైడు. అక్కడి గ్రానైటు శిలలలోని ఫ్లోరిన్ కలిసిన ఖనిజాల నుంచి అది భూగర్భజలంలోకి కరిగి చేరుతుంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. స్వల్పంగా ఉంటే దంతాలకు మేలు చేసే ఫ్లోరైడు మితిమీరితే ఎముకలో ఏమి చేస్తుంది? ఎముకకు గట్టిదనం ఇచ్చేది కాల్షియం, ఫాస్ఫేటులతో కూడిన ఒక సమ్మేళనం. అందులోని ఒక భాగాన్ని తొలగించి ఫ్లోరైడు ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఎముక రూపం ఎముకగానే ఉంటుంది గాని, లోపల పదార్థం మారిపోతుంది. ఇక్కడ కూడా అన్యపదార్థమే! అయితే ఇది శాపరూపం దాల్చిన అన్యపదార్థం.

ఇటువంటి నీటిని గుడ్డతో వడకట్టినా ప్రయోజనం లేదు. ఎందుకంటే ఫ్లోరైడు మట్టిరేణువు వలె నీటిలో తేలుతూ ఉండదు, ఉప్పు వలె పూర్తిగా కరిగి ఉంటుంది. మరిగిస్తే క్రిములు నశిస్తాయి. కాని ఆవిరయ్యేది నీరే గనుక మిగిలిన నీటిలో ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. మేలు జరుగుతుందనుకొని చేసిన పని కీడు చేస్తుందన్నమాట. కాబట్టి దీనిని రసాయన పద్ధతిలోనే ఎదుర్కోవాలి. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970 దశకంలో రూపొందించిన ‘నల్లగొండ విధానం’ అటువంటిది. నీటిలో పటికను, సున్నాన్ని తగిన పాళ్ళలో కలిపితే తెల్లని అవక్షేపం ఏర్పడి, ఫ్లోరైడులో చాలాభాగాన్ని తనతో పట్టుకొని అడుగున పేరుకుంటుంది. పైనున్న తేటనీటిని వేరుచేసుకోవాలి. పటిక మోతాదు తప్పితే నీటిలో అల్యూమినియం మిగిలిపోయే ప్రమాదం ఉంది గనుక పరీక్షించి వాడటం తప్పనిసరి. తరువాతి కాలంలో నదీజలాలను శుద్ధిచేసి గొట్టాల ద్వారా గ్రామాలకు అందించడం మరింత నమ్మకమైన పరిష్కారమయింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఆ మార్గంలోనిదే. అయితే ఒకసారి వంగిన ఎముకను ఏ మంచినీరూ తిరిగి నిటారుగా చేయలేదు. అందుకే ముందుగా తెలుసుకోవడం కావాలి.

ఈ సందర్భంలో ఒక మాటను గురించి ఆలోచించాలి. ‘రసాయనం’ అనే మాట ఆయుర్వేదంలో ముసలితనాన్ని, వ్యాధిని దూరంచేసే ఔషధానికి పేరు. ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో రసాయనతంత్రం ఒకటి. అటువంటి మాట నేడు విషానికి మారుపేరయింది. రసాయనం పేరెత్తగానే భయపడేవారు, ‘సహజం’ అని రాసి ఉంటే కళ్ళు మూసుకొని నమ్మేవారు మనలో ఎందరో ఉన్నారు. కాని తాగే నీరు, తినే ఉప్పు, బెల్లంలోని తీపి అన్నీ రసాయన సమ్మేళనాలే. నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు ఏ కర్మాగారమూ కలిపినది కాదు, నేలతల్లి కడుపులోని రాతి నుంచి సహజంగా వచ్చినదే. ఒక పదార్థం మంచిదా చెడ్డదా అని అడగడానికి ముందు, అది ఏ సమ్మేళనం, ఎంత ఉన్నది, దేహంలో దేనితో కూడుతుంది అని అడగడం నేర్చుకోవాలి. ఈ మూడు ప్రశ్నలే మనకు రక్ష.

బన్సీలాల్‌పేట్ బావిని బాగుచేసినవారు కంటికి కనిపించే చెత్తను చేతులతో, యంత్రాలతో తీశారు. అది మిశ్రమాన్ని వేరుచేసే పని. దానికి శ్రమ, సంకల్పం చాలు. కంటికి కనిపించక కరిగి ఉన్నదానిని గుర్తించాలంటే జ్ఞానం కావాలి. శ్రమ, జ్ఞానం రెండూ కలిసినచోటనే మంచినీరు దొరుకుతుంది. ఆ రెండింటి కలయిక మిశ్రమంగా మిగిలిపోక సమ్మేళనం కావాలి.

కఠిన పదాలు – అర్థాలు

ద్రవ్యసహాయం = ధనసహాయం
వైయాకరణులు = వ్యాకరణ పండితులు
స్ఫురింపజేయు = తోచునట్లు చేయు
నియతం = నియమం గలది, మారనిది
కొటారు = ఉప్పు తయారుచేసే, నిల్వచేసే చోటు
పారాణి = శుభకార్యాలలో పాదాలకు పూసే ఎర్రని పూత
క్షారం = ఆమ్లానికి విరుద్ధ గుణం గల పదార్థం
అవక్షేపం = ద్రవంలో కరగక అడుగున పేరుకొనే పదార్థం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మిశ్రమానికి, సమ్మేళనానికి గల భేదాలను రచయిత ఏ ఉదాహరణలతో వివరించాడు?
2. నల్లగొండ ప్రాంతపు నీటి సమస్యను, దాని పరిష్కార మార్గాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సమ్మేళనాన్ని బహువ్రీహి సమాసంతో ఎందుకు పోల్చారు?
2. చార్మినారు గచ్చు గట్టిపడటానికి కారణమేమి?
3. ఫ్లోరైడు ఉన్న నీటిని మరిగించడం వల్ల ఎందుకు ప్రయోజనం లేదు?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. వడపోతకు లొంగని కలయిక విద్యుత్తుకు లొంగింది.
2. ఈ మూడు ప్రశ్నలే మనకు రక్ష.

IV. సంధులు
రసాయనం = రస + అయనం (సవర్ణదీర్ఘ సంధి)
మహోపకారం = మహా + ఉపకారం (గుణసంధి)
అత్యవసరం = అతి + అవసరం (యణాదేశ సంధి)
పేరెత్తగానే = పేరు + ఎత్తగానే (ఉత్వ సంధి)

V. సమాసాలు
తల్లిదండ్రులు = తల్లియు, తండ్రియు (ద్వంద్వ సమాసం)
ముక్కంటి = మూడు కన్నులు కలవాడు (బహువ్రీహి సమాసం)
విషవాయువు = విషమైన వాయువు (విశేషణ పూర్వపద కర్మధారయం)
నేలతల్లి = నేల అనెడి తల్లి (రూపక సమాసం)

VI. భాషాకార్యం
మీ ఇంటిలో నిత్యం వాడే ఐదు పదార్థాలను ఎంచుకొని, వాటిలో ఏవి మిశ్రమాలో, ఏవి సమ్మేళనాలో మీ రసాయనశాస్త్ర అధ్యాపకులను అడిగి తెలుసుకొని, కారణాలతో తెలుగులో రాయండి.